మద్దయ్య మాస్టరు కుంటు పందెం

పడుతుంది. మా పాప తప్పకుండా పడుతుంది. మోకాలు చెక్కుకుపోతుంది. ఆ గాయంలో మట్టి చేరుతుంది. బడి మైదానంలో జట్కా గుర్రాలను కడతారు కాబట్టి మట్టిలో లద్దె ఉంటుంది, లద్దెలో ధనుర్వాతపు క్రిములుంటాయి. గాలి తగలని లోతైన గాయమంటే ఆ క్రిమికి ప్రాణం. ఇదంతా నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ మార్కుల పాపమే తర్వాత అనుభవించాను.

నా చేత ఆ పాపం అనుభవింపజేసిన మనిషి మద్దయ్య. ఎమ్మిగనూరులో మా హైస్కూలు డ్రిల్లు మాస్టరు. బీడీ తాగడు, పేకాడడు, ఒకరి జోలికి పోడు. ఆయనకున్నది ఒకే ఒక్క జబ్బు. మనుషులు మామూలుగా నడుస్తుంటే చూడలేడు. తాను నడవడు, ఎదుటివాళ్ళను నడవనివ్వడు. మడమల మీద నడవాలి, వెనక్కి నడవాలి, కప్పలా ఎగరాలి, ఎండ్రకాయలా పక్కకు జరగాలి. ఎందుకని అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"సక్కగ నడిసేకి బడెందుకప్పా? అది గొడ్లకు గూడ వస్తాది."

నేను బి.ఎస్సీ. ముగించి సైన్సు అసిస్టెంటుగా చేరిన రోజే ఆయన బారిన పడ్డాను. గాజు సీసాలూ గొట్టాలూ పెట్టిన పెట్టె రెండు చేతులతో పట్టుకుని ఆవరణ దాటుతున్నాను. వెనకనుంచి విజిల్ మోగింది.

"కొత్త సార్, నడక మార్చల్ల."

"ఏమిటండీ?"

"సున్నం గీత దాటినావు సూడు. అది దాటినాక ఎవరూ మామూలుగ నడవకూడదు. ఈ దినం కొంగ నడక."

"చేతిలో గాజు సామాను ఉంది మాస్టారూ."

"కొంగ నోట్లో సేప ఉంటాది గదా సార్. అది యాడన్నా జారిడుస్తాదా?"

ఆయన అందరినీ సార్ అనేవాడు, అందరినీ నువ్వు అనేవాడు. కిటికీల నిండా పిల్లల తలకాయలు. మోకాళ్ళు ఎత్తెత్తి వేసుకుంటూ ల్యాబు గదిదాకా పోయాను. ఒక్క సీసా పగల్లేదు. చెమటకు నా చొక్కా మాత్రం ఒంటికి అతుక్కుపోయింది. గాజు పగిలి చేతి నరం తెగితే నెత్తురు ఎంతసేపట్లో పోతుందో నాకు తెలుసు కదా.

ఇనస్పెక్టరు తనిఖీకి వచ్చినప్పుడు హెడ్మాస్టరు ముందుజాగ్రత్తగా మద్దయ్య విజిల్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. విజిల్ పోయింది గానీ సున్నం పోలేదు. ఇనస్పెక్టరు గేటు దగ్గర ఆగిపోయాడు.

"ఈ గీత ఏమిటి?"

"ఎండ్రకాయ గీత సార్. ఇది దాటితే పక్కవాటుగ పోవల్ల."

"ఎవరి ఉత్తరువు?"

"పిల్లోల్లది సార్. నువ్వు ఎట్లొస్తావో అని సూస్తాండారు."

ఇనస్పెక్టరు కిటికీల వైపు చూశాడు. హెడ్మాస్టరు కళ్ళు మూసుకున్నాడు. నేను మద్దయ్య ఉద్యోగం పోయిందనుకున్నాను, నా ఉద్యోగం కూడా పోతుందనుకున్నాను. ఇనస్పెక్టరు టోపీ సర్దుకుని, గొడుగు చంకలో పెట్టుకుని, ఒక పక్కగా జరుగుతూ ఆఫీసు గదిదాకా వెళ్ళాడు. సాయంత్రం తిరిగి పోయేటప్పుడు ఎవరూ అడక్కుండానే అట్లాగే పోయాడు.

మద్దయ్య భార్య దానమ్మను ఒకసారి అడిగాను, ఈ మనిషితో ఎట్లా వేగుతున్నావమ్మా అని.

"ఇప్పుడేం సూసినావు సార్. మా పెండ్లిలో పీటల మీదికి కప్ప మాదిరి ఎగిరెగిరి వచ్చినాడు. మా నాయన పెండ్లి ఆపేద్దామనె."

"మరి ఎందుకు ఆపలేదు?"

"నాకు నవ్వొచ్చె. పెండ్లికూతురు నవ్వినాక యాడ ఆపుతావు."

ఇట్లాంటి మనిషిని దూరంనుంచి చూసి నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుకున్నాను. ఆయన మా ఇంటి కిటికీ కిందికి వచ్చేదాకా.

మా అమ్మాయి పేరు తుంగ. నాలుగేళ్ళ వయసులో జ్వరం వచ్చి, తగ్గి, పోతూ పోతూ ఎడమకాలిని తీసుకుపోయింది. కాలు ఉంది, కానీ సన్నబడి, పాప వెంట రావడం ఇష్టం లేనట్టు వెనకాల వచ్చేది. బళ్ళారి డాక్టరు మర్దనకు నూనె ఇచ్చి, "నడిపించండి, భయపడకండి" అన్నాడు. మొదటి మాట నాకు వినబడలేదు. రెండో మాట నావల్ల కాలేదు. అప్పటినుంచీ తుంగను నేను ఎత్తుకునే తిరిగాను. ఆరేళ్ళు వచ్చినా బడికి పంపలేదు. పిల్లలు తోస్తారు. తోయకపోతే నవ్వుతారు. తోస్తే మందుంది, నవ్వితే ఏ మందు రాయాలి? కాబట్టి ఆ పిల్ల లోకమంతా మా వీధి కిటికీ. బయట నేతగాళ్ళు పడుగు పరిచి గంజి పెడుతుంటే చూసేది. పిల్లలు ఆ పడుగు కిందినుంచి దూరి పరిగెత్తుతుంటే ఇంకా ఎక్కువ చూసేది.

మా ఇంట్లో మాట్లాడేది కన్నడం, వీధిలో తెలుగు. నా దురదృష్టం, రెండు భాషల్లోనూ ఆ మాట ఒక్కటే. కుంటు. కాలీడ్చి నడిచినా కుంటడమే, ఆటలో ఒంటికాలి మీద ఎగిరినా కుంటడమే. నేను ఆ మాటను రెండు భాషల్లోనూ నిషేధించాను. పనిచేసే బసమ్మకు మొదటిరోజే చెప్పాను. పాపం ఆమె నాలుక్కి కళ్ళెం వేసుకుని తిరిగేది. మా ఇంట్లో ఒక కాలు పొట్టిదైన బల్ల ఉంది.

"సామీ, బల్ల కుం..." అని ఆగి, మింగి, "బల్ల ఆలోచన సేస్తాంది" అనేది.

వీధిలో కాలు విరిగిన మేక పోతుంటే పరిగెత్తుకెళ్ళి కిటికీ మూసేది. నా భార్య రుక్మాబాయి మాత్రం ఈ చట్టాన్ని లెక్కపెట్టలేదు. లెక్కపెట్టలేదని నాతో అనలేదు, అంతే.

అదట్లా ఉండగా, వెయ్యిన్నీ తొమ్మిదివందల యాభైఐదు జనవరిలో ఒక పొద్దున, తప్పెట కొట్టే గోవిందు సరిగ్గా మా కిటికీ కింద నిలబడి తప్పెట మొదలుపెట్టాడు.

"ఇనండప్పా ఇనండి. రిపబ్లిక్ దినం నాడు ఆదోనోళ్ళకూ మనకూ జట్టు పందెం. మొదుట కప్ప ఎగురుడు, మల్ల తోపుడు బండి, దానెనక ఎండ్రకాయ, ఆకర్న కుంటు పందెం. ఎగిరేటోళ్ళు శానామంది ఉండారు. కుంటేటోళ్ళు తక్కువ పడినారు. కుంటే పిల్లోల్లు యాడున్నా బయటికి రావల్ల. కుంటేటోళ్ళు కావల్ల."

లోపల బసమ్మ చేతిలో చెంబు జారి కిందపడింది. నేను వీధిలోకి దూకాను.

"గోవిందూ, ఆపు. ముందుకు పో."

"పోయేకి లేదు సామీ. ఈడనే కొట్టమన్నాడు."

"ఎవరు?"

"మద్దయ్య మాస్టరు. ఇదో, గీత గూడ గీసి పోయినాడు. ఇది దాటితే నేను గూడ ఎనక్కు నడవల్లంట. ఎందుకొచ్చిన బాధ, ఈడనే నిలబడి కొడతా."

చూస్తే నిజమే. మా కిటికీ కింద తెల్లగా సున్నం గీత. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరందరినీ ఆడించినట్టు నా పిల్ల బాధను కూడా ఆటలోకి లాగుతాడా అని నేరుగా మైదానానికి పోయాను. ఆయన మడమల మీద నడుస్తూ గీతలు గీస్తున్నాడు.

"మద్దయ్య మాస్టారూ, ఇది మర్యాదేనా?"

"ఏమాయ సార్?"

"మా కిటికీ కింద ఆ మాట చాటిస్తారా?"

"ఏ మాట?"

"మీకు తెలుసు."

"రిపబ్లిక్కా?"

"కాదు."

"ఆదోనా? ఆదోనోళ్ళు మీ సుట్టాలని నాకు తెలీదు సార్."

"అది కాదు. ఆఖరి మాట."

"కావల్ల అన్నదా?"

"దాని ముందుది."

"సెప్తే గదా సార్ తెలిసేది. సెప్పు. నోరు తెరిసి సెప్పితే మాన్పిస్తా."

నోరు తెరిచాను. మాట రాలేదు. రెండేళ్ళుగా నేను ఇతరులను అననివ్వలేదని తెలుసు గానీ, నా నోటికే అది రాదని అప్పుడే తెలిసింది. ఆయన సున్నం చట్టి పట్టుకుని ఓపికగా నిలబడ్డాడు. నేను వెనక్కి తిరిగాను.

"సార్, గీత దాటినావు. మడమల మీద పో."

కోపంగా పోదామనుకున్న మనిషి మడమల మీద పోతే ఎట్లుంటుందో చూసినవాళ్ళకే తెలుసు.

ఇంటికి వచ్చేసరికి తుంగ కిటికీ కమ్ములు పట్టుకుని నిలబడి ఉంది.

"నాన్నా, కుంటేటోళ్ళు కావల్లంట. తక్కువ పడినారంట."

"ఎవరో అంటారులే అమ్మా."

"నేను కుంటుతా గదా. నాకు బాగా వస్తాది."

ఆ పిల్ల గర్వంగా అంది. పెరట్లో ఎవరూ చూడనప్పుడు మంచి కాలి మీద ఎగురుతూ తులసికోట చుట్టూ తిరుగుతుందట. బసమ్మకు తెలుసు, రుక్మాబాయికి తెలుసు. నాకే తెలియదు. ఎగరడం, పడటం, పడి మళ్ళీ ఎగరడం ఇన్నాళ్ళుగా మా పెరట్లోనే జరుగుతోంది.

"పేరు చెప్పి రండి" అంది రుక్మాబాయి.

"పడితే?"

"లేస్తుంది."

"గాయమైతే? ధనుర్వాతం వస్తే? ఆ మట్టిలో..."

"ఇదంతా పుస్తకంలో ఉందా?"

"ఉంది."

"గెలిస్తే ఏమవుతుందో ఉందా అందులో?"

లేదు. ఆ పుస్తకం నిజంగానే అంతదూరం రాయలేదు.

పోయి పాప పేరు ఇచ్చి వచ్చాను. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. చలనంలో ఉన్న వస్తువు చలనంలోనే ఉంటుంది, గోడ తగిలేదాకా. ఒంటికాలి మీద నిలబడిన శరీరానికి ఆధారం ఎంత చిన్నదో బొమ్మ గీసి చూసుకున్నాను. చూసుకుని బొమ్మ చించేశాను. పొద్దున్నే మైదానానికి పోయి రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను. విజిల్ మోగింది.

"రాళ్ళేరేది బాతు నడకలో సార్."

గొంతుక్కూచుని, పిర్రలు ఊపుకుంటూ రాళ్ళు ఏరాను. నా తొమ్మిదో తరగతి పిల్లలు వరుసగా నిలబడి చూశారు. వాళ్ళకు నేను ఆ వారమే గురుత్వాకర్షణ చెప్పాను.

"మాస్టారూ, పందెం జరిగేంత మేర దూది పరిస్తే ఎట్లుంటుంది? ఆదోనిలో కావల్సినంత దొరుకుతుంది."

మద్దయ్య నవ్వలేదు. నిజంగా ఆలోచించాడు.

"మెత్తగుంటాది సార్. పిల్లోల్లు సగం దూరం పోయి పండుకుంటారు."

పందెంలో ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి మారే వస్తువు నాడె. మగ్గం మీద పడుగు మధ్య ఇటూ అటూ పరిగెత్తే కొయ్య పడవలాంటిది. నేతగాళ్ళ ఊళ్ళో పందానికి అంతకంటే తగిన వస్తువు లేదని మద్దయ్య వాదన. దాని రెండు కొనలకూ ఇనుప మొనలుంటాయి. ఇనుము, మట్టి, పిల్లల చేతులు. నేను ఆ మొనలకు దూది పెట్టి గుడ్డచుట్టు కట్టి పంపాను. మద్దయ్య దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఏంది సార్, నాడెకు పంటినొప్పా?"

అయినా గుడ్డ విప్పలేదు.

పందెం రోజు వచ్చింది. ఆదోని నుంచి బస్సు నిండా పిల్లలు దిగారు. వాళ్ళ వెంట వాళ్ళ మాస్టరు చక్రపాణి. వాదించకుండా మంచినీళ్ళు కూడా తాగడని పేరున్న మనిషి. జెండా వందనం అయింది. నేను తుంగను ఎత్తుకుని, చంకన అయోడిన్ సీసా, దూది, గుడ్డపీలికలు ఉన్న సంచీ పెట్టుకుని నిలబడ్డాను. సంచీలో కత్తెర ఉందో లేదో చూద్దామని పాపను ఒక్క నిమిషం కిందికి దించాను. కత్తెర ఉంది. తలెత్తితే పాప లేదు.

 అయినా ఒక ధైర్యం. ఎంత గుంపులోనైనా తుంగను నేను దూరంనుంచే గుర్తుపట్టగలను. ఎడమ భుజం ఒకసారి కిందికి వాలి పైకి లేస్తుంది. ఆ వాలే భుజం కోసం మైదానమంతా చూశాను.

మైదానమంతా వాలుతోంది, లేస్తోంది.

ఒక్క పిల్లా మామూలుగా నడవడం లేదు. నీళ్ళ కుండ దగ్గరికి పోయేవాళ్ళు కుంటుతున్నారు, చెట్టు చాటుకు పోయేవాళ్ళు కుంటుతున్నారు, బెల్లం పప్పు తినేవాళ్ళు తింటూ కుంటుతున్నారు. కొందరు కుడికాలి మీద, కొందరు ఎడమకాలి మీద, అలిసిపోయినవాళ్ళు కాలీడ్చుకుంటూ. నా కూతురు వీళ్ళలో ఎక్కడో ఉంది, నేను గుర్తుపట్టలేకపోతున్నాను.  ఎదురుగా దానమ్మ కనబడింది.

"అమ్మా, మా పాప... మా తుంగను చూశావా?"

"ఎట్లుంటాది సార్?"

"ఆరేళ్ళుంటాయి. పచ్చ పరికిణీ."

"పచ్చ పరికిణీలు శానా ఉండాయి సార్. ఇంకేమన్నా గుర్తు?"

ఇక తప్పలేదు. గొంతు తగ్గించి అన్నాను.

"కుంటుతూ ఉంటుంది."

దానమ్మ మైదానం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"అందరూ కుంటుతాండారు గద సార్."

 ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూ చెప్పుకుపోయింది.

"నెలదినాల నుంచి ఇదే బాధ సార్ ఊర్లో. పిల్లోల్లు అంగడికి పోవల్లన్నా కుంటాల్నంట, చింతపండు తెచ్చేకి కుంటాల్నంట. నాక్కూడ, కట్టెలు తెచ్చేకి. ఎందుకప్పా ఇంత ముందునుంచి, పందెం ఎప్పుడో గదా అంటే, 'మీరు కుంటుతా ఉండండి, మెల్లగ ఇంకొకరు ఇంట్లోనుంచి బయటికి వస్తారు' అంటాడు. ఎవరొస్తారు అంటే సెప్పడు. మీకేమన్నా తెలుసునా సార్?"

తెలుసు. దారిలో కుంటే పిల్లలు నెలగా ఎదురవుతూనే ఉన్నారు, మద్దయ్య కొత్త పిచ్చి అనుకుని తల తిప్పుకుని పోయాను. మా కిటికీ కింది సున్నం గీత ఎందుకు గీశాడో అప్పుడు తెలిసింది. ఊరి పిల్లలందరి నడకా మార్చి, మా పాప నడకను మామూలు నడక చేసి పెట్టి, ఆ తర్వాత తప్పెట పంపాడు. ఏదో ఒకటి చెప్పాలని ఆయన కోసం చూశాను. ఆయన ఎండ్రకాయ వరుసను తిట్టే పనిలో ఉన్నాడు.

ఇంతలో నా చొక్కా ఎవరో లాగారు. తుంగ. పక్కన ఇంకో పిల్ల.

"నాన్నా, మేరికి నా అంత బాగా రాదు. ఊరికే పడతాంది. నేర్పిస్తాండా."

పందెం మొదలు కావలసి ఉండగా ఆదోని చక్రపాణి చెయ్యెత్తాడు.

"మద్దయ్యా, ఇది న్యాయం కాదు. ఆకరి వరుసలో ఆ పచ్చ పరికిణీ పాపను తియ్యి."

"ఏమప్పా?"

"పొద్దున్నుంచి సూస్తాండా. ఆయాసం గూడ పడకుండా కుంటుతాంది. ఆ పాపకు అది దినామూ ఉండే పని. మావోళ్ళు మొన్న మొన్న నేర్చుకున్నోళ్ళు. ఆరితేరినోళ్ళను దించితే అది పందెమెట్లయితాది?"

 రెండేళ్ళుగా ఏ క్షణానికి భయపడి కిటికీ మూసుకుని కూర్చున్నానో అదే క్షణం. అందరూ మా పాపను చూస్తున్నారు. పాప నా వైపు చూస్తోంది. మద్దయ్య విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదకుండా, ఆయనా నా వైపే చూశాడు.

అప్పుడు ఎవరో అరిచారు. అది నేనే అని కాసేపటికి గానీ తెలియలేదు.

"ఏం మాట్లాడుతున్నారు చక్రపాణిగారూ? మా పాప పుట్టినప్పటినుంచి కుంటుతాందా? రెండేండ్లనుంచే గదా కుంటుతాంది. మీ ఊరి ఆడపిల్లలు మాటలు రాకముందే బిళ్ళ ఏసి కుంటేకి మొదలుపెడతారు. ఎవరిది ఎక్కువ అలవాటు? సెప్పండి. మా పాప కుంటుతాది. ఈ ఊర్లో అందరికంటే బాగా కుంటుతాది. భయమైతే బస్సెక్కండి."

రాతలో ఉండే నా తెలుగు ఎక్కడికి పోయిందో నాకే తెలియదు. ఊరు ఊరంతా చప్పట్లు. చక్రపాణి వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకుని, "బిళ్ళాటను లెక్కలోకి తీసుకుంటే సరే" అన్నాడు.

బసమ్మ నా పక్కకు వచ్చి మెల్లిగా అడిగింది.

"సామీ, ఇంక బల్లను గూడ అనొచ్చునా?"

విజిల్ మోగింది. కప్పలు ఎగిరాయి. తోపుడు బండ్లు కదిలాయి, ఒకరి కాళ్ళు ఒకరు పట్టుకుని, చేతుల మీద నడుస్తూ. ఎండ్రకాయలు దారి తప్పి ఒకదాని వరుసలోకి ఒకటి పోయాయి. ఎట్లాగో పంటినొప్పి నాడె తుంగ చేతికి వచ్చింది. పక్కన ఆదోని పిల్ల. ఇద్దరూ సమానంగా ఎగురుతున్నారు. రుక్మాబాయి చీర కొంగు నోట్లో కుక్కుకుంది.  చివరి గీతకు కొంచెం ఇవతల తుంగ ఊగింది, ఇంకోసారి ఊగింది.

పడింది.

నేను ముందుకు దూకాను. దూకలేకపోయాను. మద్దయ్య నా చొక్కా వెనకనుంచి పట్టుకున్నాడు. పట్టుకుని, డ్రిల్లులో పిల్లవాణ్ణి తిప్పినట్టు, నన్ను అటువైపు తిప్పేశాడు.

"ఆ గోడ సూడు సార్."

"పాప పడింది మాస్టారూ."

"గోడమీద ఏం రాసినారో సదువు. గెట్టిగ సదువు."

గోడమీద తారుతో రాసిన అక్షరాలున్నాయి. నాకు అవి ఈదుతున్నట్టు కనబడ్డాయి. అయినా చదివాను. 

"మశూచికి... టీకాలు... వేయించుకొనుడి."

"మల్ల సదువు."

"మశూచికి టీకాలు వేయించుకొనుడి. పసిపిల్లలకు... తప్పక..."

వెనక ఏమీ వినబడలేదు. ఏడుపు లేదు. అదే ఇంకా భయం. ఏడవలేదంటే స్పృహ లేదేమో. నా వీపు నాకే కళ్ళయితే బాగుండుననుకున్నాను. అప్పుడు ఒక నవ్వు వినబడింది. చిన్నది. దాని వెనక పెద్ద కేక, ఊరంతా కలిసి వేసింది. మద్దయ్య చొక్కా వదిలాడు.

తిరిగి చూసేసరికి తుంగ గీతకు అవతల నిలబడి ఉంది. నాడె గీతకు ఇవతల పడి ఉంది. పాప ముందు దాటిందని ఎమ్మిగనూరు, నాడె దాటలేదని ఆదోని. ఆ వాదం ఇప్పటికీ తేలలేదు, చక్రపాణి బతికుండగా తేలే సూచనా లేదు. పందెం జరిగిన ఈ రెండేళ్ళలో నేను ఎవర్ని అడిగినా ఒక్కో మాట చెప్పారు. నేను మాత్రం చూడలేదు, టీకాల సంగతి చదువుతున్నాను.

తుంగ పరికిణీ నిండా మట్టితో నా దగ్గరికి వచ్చింది. మోకాలు చెక్కుకుపోయింది, మట్టి చేరింది, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే జరిగాయి. మొహం మాత్రం దీపంలా ఉంది.

"నాన్నా, నేను పడినాను. సూసినావా?"

"లేదమ్మా. చూడలేదు."

"అయ్యో. మళ్ళా పడి సూపిస్తా ఉండు."

పడి చూపించింది కూడా. ఆ జూన్‌లో బడికి కూడా నడిచే వెళ్ళింది, మేరితో కలిసి.

సాయంత్రం అయోడిన్ పూయడం అయ్యాక, జెండా కర్ర దగ్గర గీతలు చెరిపేస్తున్న మద్దయ్య దగ్గరికి పోయాను. ధన్యవాదాలు చెప్పాలని నాలుగు వాక్యాలు కూడబలుక్కున్నాను. ఆయన వాటిని దగ్గరికి రానివ్వలేదు. ఒకటే అడిగాను.

"నన్ను గోడవైపు ఎందుకు తిప్పారు?"

మద్దయ్య సున్నం చట్టి కిందపెట్టాడు. మొదటిసారి ఆయన రెండు కాళ్ళూ నేలమీద ఆనించి, మామూలుగా నిలబడి మాట్లాడటం చూశాను.

ఇప్పుడు మా ఇంట్లో రెండోవాడు నడక నేర్చుకుంటున్నాడు. గడప తట్టుకుంటాడు, బిందె తట్టుకుంటాడు, ఏమీ లేకపోతే తన కాలు తానే తట్టుకుంటాడు. నా భయం ఏమీ తగ్గలేదు. సంచీ, అయోడిన్ సీసా కొక్కానికి వేలాడుతూనే ఉన్నాయి. కానీ దబ్బుమని శబ్దం వినబడగానే నేను లేచి, గోడవైపు తిరిగి, క్యాలెండరులో తిథి వార నక్షత్రాలు గట్టిగా చదువుతాను. మా ఇంటికి వచ్చిన చుట్టాలు నాకేదో అయిందని అనుకుంటారు. రుక్మాబాయి ఏమీ చెప్పదు, లోపలికి పోయి నవ్వుకుంటుంది. ఆ సాయంత్రం మద్దయ్య నాతో చెప్పింది ఇది:

"పడిన పిల్ల మొట్టమొదుట మోకాలు సూసుకోదు సార్, అమ్మానాయన మొగం సూస్తాది. తనకు నొచ్చిందా లేదా అనేది ఆడ సూసే తెలుసుకుంటాది. నీ మొగం ఎప్పుడు సూసినా నొచ్చినట్లే ఉంటాది. అందుకే, పిల్ల పడినప్పుడల్లా నువ్వు గోడ సదువుకో. లేసినాక తిరుగు."